దీవి మునగకముందే బావి ఉప్పవుతుంది

"తువాలు దీవులు తగ్గలేదు, పెరిగాయని శాస్త్రవేత్తలే రాశారు. మాల్దీవుల్లో కొత్త విమానాశ్రయాలు, హోటళ్లు కడుతూనే ఉన్నారు. అలాంటప్పుడు మునిగిపోతున్నామంటూ ఈ దేశాలు ముప్పై ఏళ్లుగా చేస్తున్న గోల డబ్బు కోసమేనా? నిజంగా ముప్పే ఉంటే ఆ కొద్దిమందిని ఏ ఆస్ట్రేలియాకో తరలిస్తే సరిపోదా?" అని మీరు అడిగారు. ప్రశ్నలో కోపం ఉన్నా, మీరు చూపిన విషయాలు అబద్ధాలు కావు. అందుకే తీరిగ్గా జవాబు రాస్తున్నాను. తీరప్రాంతపు భూగర్భ జలాల మీద పాతికేళ్లకు పైగా పనిచేశాను. బాపట్ల ఇసుక నేలల్లో మొదలుపెట్టి, తర్వాత మాల్దీవుల్లో రెండు విడతలు, కిరిబాటిలోని దక్షిణ తరావాలో ఒక విడత బావుల్లో ఉప్పు కొలిచే పని చేశాను. (తువాలు లాగే కిరిబాటి కూడా పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న దీవుల దేశం. దాని పేరును అక్కడివారు కిరిబాస్ అని పలుకుతారు.) నాకు బాగా తెలిసింది నీరు కాబట్టి నీటి వైపు నుంచే చెబుతాను.

ముందు ఆ పరిశోధన సంగతి. అది 2018లో వచ్చింది. 1971 నుంచి 2014 దాకా తీసిన వైమానిక, ఉపగ్రహ చిత్రాలను పోల్చి చూస్తే తువాలులోని 101 దీవుల్లో ముప్పాతిక వంతుకు దగ్గరగా పెరిగాయని, దేశం మొత్తం నేల 2.9 శాతం పెరిగిందని అందులో తేలింది. ఆ కొలతలను నేను శంకించను. కానీ పగడపు దీవి మన కొండపల్లిలా, యారాడలా రాతి గుట్ట కాదు. చుట్టూ ఉన్న పగడపు దిబ్బ మీద బతికి చచ్చిన జీవుల గుల్లలు, విరిగిన పగడాలు, చిలుక చేపలు పగడాన్ని కొరికి విసర్జించిన పొడి, ఇవన్నీ అలలు మోసుకొచ్చి పోగేసిన కుప్ప అది. తుపాను ఒక పక్క కోస్తే మరో పక్క మేట వేస్తుంది. కాబట్టి దీవి పెరగడంలో వింత లేదు. దిబ్బ మీద పగడం బతికి ఉన్నంత కాలం పెరుగుతుంది, జరుగుతుంది, ఆకారం మారుస్తుంది.

ఆ పగడం బతకడమే ఇప్పుడు సందేహంలో పడింది. భూమి సగటు వేడి పారిశ్రామిక యుగానికి ముందుకన్నా 1.5 డిగ్రీలు పెరిగితే వెచ్చని సముద్రాల్లోని పగడపు దిబ్బల్లో 70 నుంచి 90 శాతం పోతాయని, 2 డిగ్రీలు పెరిగితే 99 శాతానికి పైగా పోతాయని 2018లో వాతావరణ మార్పులపై అంతర్ప్రభుత్వ సంఘం నివేదిక చెప్పింది. ఆ అర డిగ్రీ తేడా మన వార్తాపత్రికల్లో చిన్న అంకెలా కనిపిస్తుంది. అక్కడ అది దీవికి ఇసుక పుట్టడమా, ఆగిపోవడమా అన్న తేడా. కెరటం ఒడ్డును తాకేలోపు దాని బలంలో ఎక్కువ భాగాన్ని విరిచేది కూడా ఆ దిబ్బే. ఇంతవరకు పెరిగింది కాబట్టి ఇకపైనా పెరుగుతుందని ఆ పరిశోధన నుంచి ఎవరైనా అర్థం తీస్తే, అది అందులో లేని మాట.

ఇక అసలు విషయానికి వస్తాను. నేల ఉండటం వేరు, నేల మీద మనిషి ఉండగలగడం వేరు.

బాపట్ల, చీరాల వైపు ఇసుక నేలల్లో దొరువులు తవ్వుతారని మీకు తెలిసే ఉంటుంది. సముద్రం కూతవేటు దూరంలో ఉన్నా, కొద్ది అడుగులు తవ్వితే తియ్యని నీరు ఊరుతుంది. ఆశపడి లోతుకు పోయినా, పెద్ద మోటారు బిగించి తోడినా ఉప్పు పైకి తన్నుకొస్తుంది. అందుకే దొరువు నీటిని పైపైన తేర్చినట్టు తోడుకోవాలని అక్కడి రైతు ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నాడు. ఇసుకలో ఇంకిన వాన నీరు తేలిక, కింద ఉన్న సముద్రపు నీరు బరువు. తేలికది బరువైనదాని మీద, మధ్యలో మందంగా, అంచుల్లో పల్చగా, కళ్లజోడు అద్దంలా తేలుతుంది. సముద్ర మట్టానికి ఒక మీటరు ఎత్తున మంచినీరు నిలిస్తే, దాని అడుగున సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీరే ఉంటుందని మా వృత్తిలో పాత లెక్క ఒకటి ఉంది. పగడపు దీవుల్లో అడుగున ఉన్న సున్నపురాయి గుల్లబారి ఉండటం వల్ల అంత మందం దొరకదు. కొన్ని మీటర్లు ఉంటుంది, మంచి చోట పది, పదిహేను. తరావాలో చాలాచోట్ల ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు నాలుగైదు నిమిషాల నడక. ఆ ఇరుకు ఇసుక పట్టీ కింద తేలే నీటి పొరే వాళ్లకు నది, చెరువు, కాలువ.

సముద్రం ఆ పొరను మూడు వైపుల నుంచి తింటుంది. మట్టం పెరిగితే అడుగు నుంచి నెడుతుంది. ఒడ్డు కోసుకుపోతే అంచుల నుంచి తగ్గిస్తుంది. పెద్ద పోటు రోజున కెరటం దీవి మీద నుంచి దూకితే పై నుంచే ఉప్పు దిగుతుంది. మూడోది అన్నిటికన్నా చెడ్డది. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమలో బావులు, చెరువులు ఉప్పెక్కిన సంగతి మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. అక్కడ కడగడానికి కృష్ణ కాలువలు ఉన్నాయి. పగడపు దీవిలో వాన తప్ప కడిగేది ఇంకేదీ లేదు. ఒకసారి ఉప్పు దిగితే తేరుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఏటా కెరటాలు మీద నుంచి దూకే పరిస్థితి వస్తే నీటి పొర తేరుకునే వ్యవధి ఉండదని, ఉద్గారాలు ఇలాగే సాగితే చాలా పగడపు దీవులు ఈ శతాబ్దం మధ్య నాటికే నివాసానికి పనికిరాకుండా పోతాయని మార్షల్ దీవుల్లోని క్వాజలీన్ దగ్గర చేసిన మరో అధ్యయనం అదే 2018లో తేల్చింది. మీరు చదివిన పరిశోధనకు, దీనికి వైరుధ్యం లేదు. ఒకటి నేలను కొలిచింది, రెండోది నీటిని కొలిచింది. ఉపగ్రహ చిత్రంలో దీవి పచ్చగా, ఒకింత పెద్దదిగా కనిపిస్తూనే ఉంటుంది, బావిలో నీరు మాత్రం నోట పెట్టుకోలేం.

తిండి కూడా ఆ పొర మీదే ఆధారపడింది. కిరిబాటిలో బబాయి, తువాలులో పులాకా అని పిలిచే దుంప ఉంది, మన చేమకు దగ్గరి చుట్టం. మనిషి లోతు గుంట తీసి, కింద మంచినీరు తగిలేదాకా తవ్వి, ఆకుల ఎరువు వేసి తరాల తరబడి పెంచుతారు. ఒక గుంటలో ఉప్పు చేరిందంటే ముందు ఆకు అంచులు మాడతాయి, తర్వాత దుంప కుళ్లుతుంది. ఉప్పు కొలిచే పరికరం బయటికి తీయకముందే నాకు జవాబు తెలిసిపోయిన గుంటలు ఉన్నాయి.

వాననీటి తొట్లు లేవా అంటారేమో. ఉన్నాయి. తువాలు రాజధాని ఫునాఫుటి దాదాపు పూర్తిగా ఇంటికప్పు నీటి మీదే బతుకుతుంది. 2011లో వానలు ఎగ్గొట్టినప్పుడు అత్యవసర పరిస్థితి ప్రకటించి, కుటుంబానికి రోజుకు రెండు బకెట్ల లెక్కన పంచారు. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా విమానాల్లో సాయం పంపాయి. ఉప్పునీటిని శుద్ధి చేసే యంత్రాలు లేవా అంటే, అవీ ఉన్నాయి. మాల్దీవుల రాజధాని మాలే తన అడుగున ఉన్న నీటి పొరను ఎప్పుడో తోడేసి, పూర్తిగా యంత్రాల మీద ఆధారపడింది. 2014 డిసెంబరులో ఆ కేంద్రంలో మంటలు రేగితే లక్షకు పైగా జనానికి కుళాయి ఎండిపోయింది. మన దేశం విమానాల్లోనూ ఓడల్లోనూ తాగునీరు పంపింది.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. అన్నిటికీ వాతావరణ మార్పే కారణం కాదు. మాలే పొరను తోడుకున్నది మాలే జనమే. తరావాలో బావుల పక్కనే మరుగుదొడ్ల గుంటలు, పందుల దొడ్లు ఉన్నాయి. నీటిలో ఉప్పుకన్నా ముందు రోగక్రిములు దొరికిన బావులు నేను చాలా చూశాను. మాల్దీవుల్లో మీరు చెప్పిన కొత్త కట్టడాలకు సముద్రగర్భం తవ్వి ఇసుక తోడినప్పుడు ఆ బురద పగడాన్ని ఊపిరాడకుండా చేస్తుంది. ఆ పని నాకు నచ్చదని అక్కడే చెప్పాను. అయితే అదే మాల్దీవుల్లో 1997లో మొదలుపెట్టిన హుల్హుమాలే దీవిని సముద్ర మట్టానికి సుమారు 2 మీటర్ల ఎత్తున పోశారు. నేలలో 80 శాతం మీటరుకన్నా తక్కువ ఎత్తున ఉన్న దేశం అది. జనాన్ని ఎక్కడో పెట్టాలి కదా! తువాలు కూడా ఫునాఫుటిలో 7 హెక్టార్లకు పైగా కొత్త నేల పోసుకుంది. కట్టుకోవడం ముప్పు లేదనడానికి సాక్ష్యం కాదు. గోదావరి పక్కన ఉన్నవాడు గట్టు వేసుకుంటే వరద భయం లేదని అనం.

డబ్బు గురించి అడిగారు. అవును, డబ్బు అడుగుతున్నారు. ఎందుకో ఒక రాత్రి కథతో చెబుతాను. 2017 సెప్టెంబరు 18న మరియా తుపాను కరీబియన్‌లోని డొమినికాను దాటింది. తెల్లారేసరికి జరిగిన నష్టం 130 కోట్ల డాలర్ల వరకు లెక్క తేలింది. అది ఆ దేశపు వార్షిక స్థూల ఉత్పత్తికి 226 శాతం. అంటే రెండేళ్లకు పైగా దేశమంతా కలిసి సంపాదించేది ఒక్క రాత్రిలో పోయింది. ఇప్పుడు ఇటు చూడండి: 2023లో దుబాయి వాతావరణ సదస్సులో, వాతావరణ మార్పు వల్ల దెబ్బతిన్న పేద దేశాలకు సాయం చేసే నష్టాల నిధి మొదలైనప్పుడు సంపన్న దేశాలు కలిసి ఇస్తామన్నది సుమారు 70 కోట్ల డాలర్లు. ఒక చిన్న దీవి ఒక రాత్రి పోగొట్టుకున్నదానిలో సగం. మిగతాది ఆ దేశాలు అప్పు తెస్తాయి, అప్పు తీరకముందే ఇంకో తుపాను వస్తుంది. కరీబియన్‌లోనే ఉన్న గ్రెనడా ఒక తెలివైన పని చేసింది. తుపాను వస్తే వాయిదాలు ఆపుకునే హక్కు తన రుణపత్రాల్లోనే రాయించుకుంది. 2024లో బెరిల్ తుపాను కొట్టాక దాన్ని వాడుకుంది. నా లెక్కలో ఇలాంటి ఒక్క షరతు పది సానుభూతి ప్రకటనల పెట్టు.

పైగా ఈ చిన్న దీవుల దేశాలన్నీ కలిపి వదిలే కర్బన ఉద్గారాలు ప్రపంచంలో ఒక శాతానికి లోపే. కాబట్టి వాళ్ల మాటను దానం అడగడంగా వినకండి. వాళ్లు మొదటి నుంచీ హక్కుగానే అడిగారు, మనం విన్న తీరులోనే లోపం ఉంది. 1987లో మాలేను పెద్ద కెరటాలు ముంచెత్తిన ఏడాదే అధ్యక్షుడు మౌమూన్ అబ్దుల్ గయూమ్ ఐక్యరాజ్యసమితిలో ఈ సంగతి లేవనెత్తారు. 1989లో మాలేలో చిన్న దేశాలు సమావేశమయ్యాయి. 1990లో చిన్న దీవుల దేశాల కూటమి పుట్టింది. ఇప్పుడందులో 39 సభ్యదేశాలున్నాయి. 1991లో, ఇంకా వాతావరణ ఒప్పందమే కుదరక ముందు, కూటమి తరఫున పసిఫిక్ దీవుల దేశం వనువాటు ఒక ముసాయిదా పెట్టింది: సముద్ర మట్టం పెరిగి నష్టపోయేవారి కోసం సంపన్న దేశాలు తమ సంపదను, ఉద్గారాలను బట్టి వాటాలు వేసి బీమా నిధి పెట్టాలని. నష్టాల నిధికి దేశాలు తలూపింది 2022లో, ఈజిప్టులోని షర్మ్ అల్ షేక్‌లో. మధ్యలో 31 ఏళ్లు. మీరు గోల అన్నది ఈ 31 ఏళ్ల నిరీక్షణనే.

2015 పారిస్ ఒప్పందంలో 1.5 డిగ్రీల మాట చేరడానికి మార్షల్ దీవుల మంత్రి టోనీ డిబ్రమ్ కూడగట్టిన కూటమి పాత్ర పెద్దది. కానీ అదే పారిస్ నిర్ణయంలో, నష్టాల గురించిన అధికరణం పరిహారానికి గానీ బాధ్యతకు గానీ ఆధారం కాదని ఒక వాక్యం రాయించుకున్నారు సంపన్నులు. దానికి జవాబుగా తువాలు, నౌరు, మార్షల్ దీవుల వంటి దేశాలు ఈ ఒప్పందం వల్ల అంతర్జాతీయ చట్టం కింద తమకున్న హక్కులేవీ వదులుకోవడం లేదని లిఖితపూర్వకంగా ప్రకటించాయి. అప్పట్లో ఆ ప్రకటనలను ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. పదేళ్లకు వాటి విలువ తెలిసింది.

ఆ కథ నాకు చాలా ఇష్టం. 2019లో వనువాటు రాజధాని పోర్ట్ విలాలో దక్షిణ పసిఫిక్ విశ్వవిద్యాలయానికి చెందిన 27 మంది న్యాయ విద్యార్థులు ఒక తరగతి పనిగా మొదలుపెట్టారు: వాతావరణం విషయంలో దేశాల బాధ్యత ఏమిటో అంతర్జాతీయ న్యాయస్థానాన్నే అడిగితే? వనువాటు ప్రభుత్వం దాన్ని భుజాన వేసుకుంది. 2023 మార్చి 29న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ ఏకాభిప్రాయంతో ఆ ప్రశ్నను కోర్టుకు పంపింది. ఈలోగా తువాలు, ఆంటిగ్వా బార్బుడాలు మొదలుపెట్టిన మరో సంఘం సముద్ర చట్టాల న్యాయస్థానానికి వెళ్లి, ఉద్గారాలు సముద్ర కాలుష్యమేనని 2024 మేలో చెప్పించుకుంది. 2025 జూలై 23న హేగ్ నగరంలో అంతర్జాతీయ న్యాయస్థానం ఏకగ్రీవంగా అభిప్రాయం ప్రకటించింది. వాతావరణాన్ని కాపాడటం దేశాలకు చట్టబద్ధమైన బాధ్యత. ఆ బాధ్యతలో విఫలం కావడం, బొగ్గు, చమురు వంటి ఇంధనాల ఉత్పత్తికి అనుమతులు, రాయితీలు ఇవ్వడంతో సహా, అంతర్జాతీయ తప్పిదం కావచ్చు. దానికి పరిహారం కూడా ఉండవచ్చు. ఇది సలహా మాత్రమే, ఎవరి చేతికీ సంకెళ్లు వేయదు; నష్టానికి, ఆ దేశపు తప్పిదానికి సంబంధాన్ని ప్రతిసారీ నిరూపించాలి. అయినా రేపు ఏ దేశపు కోర్టులో వాదన జరిగినా ఈ మాటను పక్కన పెట్టడం కష్టం.

ఆ విచారణలో మన దేశం ఏం చెప్పిందో కూడా తెలుసుకోవాలి. పాపం చేసినవారు పాత పారిశ్రామిక దేశాలు, భారం వారిదే అంది. ఆ మాట న్యాయం. కానీ ఇప్పుడున్న వాతావరణ ఒప్పందాలను దాటి కోర్టు కొత్త బాధ్యతలు సృష్టించకూడదని కూడా అంది. అక్కడ నేను మన ప్రభుత్వంతో ఏకీభవించలేను. ఆ ఒప్పందాలు చాలినంత పనిచేసి ఉంటే ఆ విద్యార్థులకు హేగ్ దాకా పోయే పని ఉండేది కాదు. పైగా లక్షద్వీపాలు మనవే. అక్కడి బావుల కింద కూడా తేలుతున్నది అలాంటి పల్చని పొరే. కవరత్తిలో సముద్రపు నీటి నుంచి తాగునీరు తీసే కేంద్రాన్ని 2005లోనే పెట్టుకున్నాం.

చివరగా, తరలిస్తే సరిపోదా అన్న ప్రశ్న. ఆస్ట్రేలియా, తువాలు మధ్య ఫలేపిలి ఒప్పందం 2024 ఆగస్టులో అమల్లోకి వచ్చింది. ఏడాదికి 280 మందికి శాశ్వత నివాసం. 2025లో మొదటి లాటరీకి కుటుంబ సభ్యులతో కలిపి 8,750 మంది పేర్లిచ్చారు, దేశ జనాభా పదకొండు వేలకు అటూ ఇటూ. దీన్ని చూసి అందరూ వెళ్లిపోవాలనుకుంటున్నారని తీర్మానించకండి. ఆ వీసాతో వెళ్లి రావచ్చు, చదువుకోవచ్చు, సంపాదించి ఇంటికి పంపవచ్చు. ఇంట్లో ఒకరికైనా చేతిలో ఉండనీ అనే జాగ్రత్త అది. దానికి తువాలు ఇచ్చిన వెల కూడా ఉంది: ఇతర దేశాలతో భద్రతా ఒప్పందాలు చేసుకోవాలంటే ఆస్ట్రేలియా సమ్మతి ఉండాలి.

జనం వెళ్లిపోతే సముద్రం ఎవరిది అన్నది ఇంకా పెద్ద చిక్కు. కిరిబాటి నేల 811 చదరపు కిలోమీటర్లు. దాని హక్కులో ఉన్న సముద్రం సుమారు 35 లక్షల చదరపు కిలోమీటర్లు. సర్కారు ఆదాయంలో సగానికి పైగా ఆ నీళ్లలో ట్యూనా పట్టుకునే విదేశీ పడవల అనుమతి రుసుమే. నేల లేని దేశానికి ఆ హక్కు ఉంటుందా అని పాత చట్టం ప్రకారం ఎవరైనా వాదించవచ్చు. అందుకే తువాలు 2023లో తన రాజ్యాంగంలోనే తన దేశత్వం శాశ్వతమని రాసుకుంది. ఒడ్డు కోసుకుపోయినా, ఒకసారి గీసుకున్న సముద్ర సరిహద్దులను మార్చుకోనక్కరలేదని, ఒక లక్షణం పోయినంత మాత్రాన దేశం దేశం కాకుండా పోదని హేగ్ కోర్టు చెప్పింది. బయటివారికి ఇది న్యాయవాదుల చర్చలా ఉంటుంది. కిరిబాటిలో బడి జీతాలు, ఆసుపత్రి మందులు దీని మీద నడుస్తాయి.

దేశం లోపల తరలింపు కూడా అంత తేలిక కాదు. ఫిజీలో వునిదోగోలోవా ఊరిని 2014లో సుమారు 2 కిలోమీటర్ల లోపలికి మార్చారు. అది కుదరడానికి ముఖ్య కారణం, కొత్త చోటు కూడా ఆ తెగదే. ఫిజీ నేలలో ఎనభై శాతానికి పైగా అలా స్థానిక తెగల ఉమ్మడి సొత్తు, అమ్మడానికి లేదు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా ఫిజీ చెరకు తోటలకు కూలీలుగా వెళ్లినవారిలో మన గోదావరి, కృష్ణా, విశాఖ జిల్లాల వాళ్లు ఉన్నారు. వారి మనవలు, మునిమనవలు చాలామంది ఇప్పటికీ కౌలు భూమిలోనే చెరకు పండిస్తున్నారు. కౌలు గడువు సాధారణంగా ముప్పై ఏళ్లు. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుపాను ఆ చెరకు సీమను చీల్చుకుంటూ పోయింది, దేశంలో 44 మంది చనిపోయారు. పొలంలోకి ఉప్పునీరు వస్తే తెగవాళ్లకు పై గుట్ట మీద సొంత నేల ఉంది. కౌలు రైతు ఎక్కడికి జరుగుతాడు? మీరు తరలింపు అన్నప్పుడు ముందుగా నా కళ్ల ముందు మెదిలింది ఆ కుటుంబాలే.